ఉరుకుందప్ప వెయ్యి వాట్ల డబ్బా

సిరవార బస్టాండు పక్కన పాండురంగయ్య చాయ్ హోటల్లో మంజమ్మ రాయచూరు బస్సు కోసం కూచుంది. గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుంది.

పొద్దున బిడ్డ సౌభాగ్య కంప్యూటర్లో కరెంటు డబ్బా, అదే పవర్ సప్లై, టప్పుమని పేలింది. బిడ్డ చెయ్యి జానెడు దూరంలో ఉంది. రేపు ఇవ్వాల్సిన పెళ్లి ఆల్బమ్ సగంలో ఆగింది. కొంగుముడిలో బిడ్డ రాసిన చీటీ: మంచి కంపెనీది, 650 వాట్లు. ఇప్పటికి 450 చాలట. దసరాకు గ్రాఫిక్స్ కార్డు వేస్తే మళ్లీ మార్చే పని ఉండకూడదని.

అంతలో ఎరిగినవాడే, ఉరుకుందప్ప గోనెసంచితో దిగాడు.

"పాండురంగయ్యా, జర ఫోను చార్జింగుకు పెట్టు. మూడు దినాలాయె మా ఇంట్ల కరెంటు లేక" అన్నాడు. మంజమ్మ చెప్పిన చీటీ సంగతి విని పకపకా నవ్వాడు.

"ఆరువందల యాభయ్యా? దోమల బ్యాటుకు సరిపోతది మంజక్కా! ఇగో, నాది చూడు, వెయ్యి!" సంచిలోంచి దుమ్ముపట్టిన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "మా పోరడు అంబరీశ్ కంప్యూటరుకు ఇదే పెట్టిన. కార్డు ఏసినం. చల్లగ కూచుంది. ఇంకో కార్డు ఏసినం. చల్లగనే! మిగిలిన కరెంటు ఊకె పోవుడెందుకని మిక్సీ తగిలిచ్చిన, ఫ్యాను తగిలిచ్చిన, ఆఖరుకు పిండిగిర్నీ తగిలిచ్చిన. పగటేలకు ఊరి జొన్నలన్నీ పిండి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గిర్నీ కాలిందా?" అన్నాడు పాండురంగయ్య చాయ్ వడగడుతూ.

"ఎట్ల కాలుతదయ్యా! గిర్నీ వైరు పీకి బాయి మోటరుకు పెట్టిన. బాయిల నీళ్లయిపోయె, కాలువల నీళ్లయిపోయె, మోటరేమో గుంజుడు ఆపదాయె. తుంగభద్ర చేపలొచ్చి మా వరిమడిల పడె, కసమ్!"

"ఎన్ని చేపలు?"

"లెక్కపెట్ట టైమేది? అప్పటికే కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు జీపేసుకొని వచ్చిండు. టోపీ తీసిండు. 'సాకప్పా సాకు! ఇంక చాలు! నీ డబ్బా కరెంటు ఎదురు తన్నుకొచ్చి మా కరెంటు ఫ్యాక్టరీ చక్రాలు ఉల్టా తిరుగుతున్నయ్, బంద్ చెయ్యి' అని చేతులు జోడిచ్చిండు. గసుంటి డబ్బా! నీ బిడ్డ పని ఆగొద్దని ఇస్తున్న. ఉన్నదియ్యి, పట్కపో. రాయచూరెందుకు, రానుపోను పొద్దుగూకుతది."

మంజమ్మ డబ్బా చేతిలోకి తీసుకుంది. బరువుగానే ఉంది. పొద్దుగూకితే ఆల్బమ్ ఎప్పుడయ్యేను?

బయట రాయచూరు బస్సు హారన్ కొట్టింది.

"పాత మోటరు కొంటే బాయి మీద పెట్టి, నీళ్లు పోసినంకనే తీసుకుంటం, అన్నా. దీన్ని నడిపి చూపియ్యి" అంది.

"ఈడ కంప్యూటరేది అక్కా?"

"మీ ఇంట్ల ఉంది కద. పద."

ఉరుకుందప్ప మెడ గోక్కున్నాడు. "ఇంట్లనా… ఇయ్యాలనా… కరెంటు లేదంటి కద."

మంజమ్మ గోడకు చార్జింగులో వేలాడుతున్న అతని ఫోను వైపు చూసింది.

"ఫ్యాక్టరీకే కరెంటు ఎదురు పంపిన డబ్బా, నీ ఫోనుకు ఇంత పంపలేదా?"

పాండురంగయ్య చేతిలోని చాయ్ జల్లెడ కెటిల్లో పడింది. డబ్బాను సంచి మీద పెట్టి, మంజమ్మ చీటీ గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కింది. బస్సు కదులుతుంటే హోటల్ నవ్వుల మధ్య ఉరుకుందప్ప గొంతు సన్నగా వినిపించింది.

"పాండురంగయ్యా, ఎంత ఎక్కింది?"

"పన్నెండు పర్సెంటు."

"ఇంకాసేపు ఉండనియ్యి."