ఆకు రాలినంక తునికిని గుర్తువట్టుడు

"తాతా, ఫోటో కొడితె ఈ సెల్లే చెట్టు పేరు చెప్తది. నీకెన్ని చెట్లు తెలుసు?"

ఎన్నా? ఎన్ని అని అడుగుతవేందిరా! ఎల్లారెడ్డి అడవి మొదలువెట్టి మద్నూర్ అవతల మరాఠోళ్ల పొలిమేర దాక నాకు తెల్వని చెట్టు పుట్టలే. కండ్లకు గంతలు గట్టు, చేతుల ఆకువెట్టు, పేరు చెప్త. ఆకు లేదా, బెరడు గీకి ముక్కు కాడ వెట్టు, చెప్త. మీ సెల్లు నా ముందర ఎంత?

ఇగ మొన్న కామారెడ్డిల బట్టల దుకాణంకు పోతిమి గదా, మీ చిన్నత్త కొడుకు లగ్గం బట్టలకు. ఆడ గల్మల, దర్వాజ పక్కకే, కుండీల ఒక చెట్టున్నది. నేనేం జేసిన, ఆకు నలిపిన, వాసన జూసిన, "ఇది మర్రి జాతి, నీడకు వెట్టిన్రు గావట్టి పాలు ఎండినయ్" అని అందరు ఇనేటట్టు చెప్పిన. దుకాణపు పిల్ల కిసుక్కున నవ్వి, "తాతా, గది పిలాస్టిక్‌ది" అన్నది. అగో, నువ్వూ నవ్వుతున్నవ్. నవ్వుతె చెప్పనింక.

సరే విను. అసలు చెట్టంటె ఏంది, చెప్పు? మీ బుక్కుల ఏమున్నది? ఒక్కటే మొద్దు, మనిషి కంటె ఎత్తు, గట్టి కట్టె... గంతేనా? మరి తునికి సంగతేంది? వదిలిపెడితె పెద్ద చెట్టైతది, పండ్లు గాస్తది. ఏడాదికోసారి కొడితె మోకాలెత్తు పొదగనే ఉంటది. చెట్టా, పొదా? మనిషి చేతుల ఉన్నది బిడ్డా. ఇంటాయన ఎట్లుంటడో ఇంటామె చేతుల ఉన్నట్టు. మీ అవ్వకు ఇనవడ్డదా? లేదు, బీడీ ఆకు కత్తిరిస్తున్నది. మంచిదే.

ఆకుంటె ఎవడైన చెప్తడు. టేకు లేతాకు అరచేతుల నలుపు, పారాణి లెక్క ఎర్రగైతది. మోదుగుకు ఒక్క కాడకు మూడాకులు. మారేడుకు గూడ మూడే. గని మోదుగాకుల నువ్వు తినచ్చు, మారేడాకుల వెడితె చీమ తింటది. ఇప్పకు ఆకులన్ని కొమ్మ కొసకు గుంపుగూడుతయి, పంచాయితీకి వచ్చినట్టు. గివన్ని అల్కటి ముచ్చట్లు. ఆకు రాలినంక సూడాలె మొనగానితనం. గదాంట్లనే నా లగ్గం చిక్కుకున్నది.

ఎట్లనంటవా? నేను పిట్లమోన్ని. పిట్లంల ఏముంటయిరా చెట్లు? పొలం, ఒడ్డు, ఒడ్డు మీద తుమ్మ. అంతే నా చదువు. మీ అవ్వ లచ్చవ్వ వాళ్లది ఎల్లారెడ్డి పక్క. వాళ్ల నాయిన, అంటె మా మామ, తునికాకు కల్లం నడుపుతుండె. కల్లం అంటె ఎర్కే గదా, జనం అడవిల తెంపుకొచ్చిన బీడీ ఆకు కట్టలు ఎండబోసే జాగ. ఆయనకు కొడుకులు లేరు. "నా బిడ్డను చేసుకునేటోడు నా తర్వాత కల్లం సూసుకోవాలె, అడవి తెల్వనోనికి పిల్లనియ్య" అన్నడు. మాట మాట్లాడవోయిన మా మేనమామ ఊకోవద్దా? "మా పిలగాడా! చెట్టును మెడకాయ తిప్పి అవతలికి సూసి గుర్తువడ్తడు" అని వచ్చిండు. చెట్టుకు మెడకాయ యాడిదిరా!

నేను లచ్చవ్వను సూసింది అద్దగంట గూడ కాదు. సంతల సూసిన, జొన్నలు కొలిపించుకుంటుండె, కొలిచేటోన్ని కసురుతుండె. గా కసురుడు జూసి... ఏమోరా, చేసుకుంటె గీ పిల్లనే అనుకున్న. లేకుంటె నాకేమక్కర, పిట్లంల తుమ్మ కింద పండుకుందును.

మామ కబురు వెట్టిండు. "శనివారం పొద కొట్టుడున్నది, పిలగాన్ని తోలున్రి. ఆదివారం పిల్లను సూడొచ్చు." పొద కొట్టుడంటె, ఎండలు ముదరకముందు తునికి పొదలను మొదలు దాక నరకాలె. అప్పుడే కొత్త చిగురు మెత్తగ వస్తది, బీడీకి పనికొస్తది. నరకకుంటె ఆకు మొరటుగ, చిల్లులువడి వస్తది, ఎవ్వడు తీసుకోడు. గని గా దినాలల్ల అడవిల సగం చెట్లకు ఆకుండది. అన్ని నల్ల కట్టెలే, అన్నిటిది ఒక్కటే మొఖం.

మామ నాకు నలుగురు కూలోళ్లను అప్పజెప్పి, "గా గుట్ట నీది, పొద్దుగూకేటాలకు సాఫ్ చెయ్" అని తను ఇంకో దిక్కు వోయిండు. నేను గుట్ట జూసిన. గుట్ట నన్ను జూసింది. తునికి కట్టె లోపట నల్లగుంటదని ఎవరో అంటె విన్న, గంతే తెలుసు. ఒక కొమ్మ నరికిన. కోసిన కాడ సోన, గదే చెట్టు రసం, వచ్చింది, సూస్తుండంగనే నల్లగైంది. "అగో! దొరికింది తునికి!" అన్న.

కూలోళ్లల్ల ఒక ముసలవ్వ ఉండె, నోట్ల పండ్లు లేవు. "పిలగా, గది తునికి గాదు, ముట్టకు" అన్నది.

"అవ్వా, నువ్వు బీడీలు చుట్టుకో. చెట్ల సంగతి నాకిడువు" అన్న.

"సరే కొడుకా, నీ తోలు నీ ఇష్టం" అని కొడవలి కింద వెట్టి, నలుగురు వోయి నీడకు కూసున్నరు. సద్ది విప్పిన్రు. నేనొక్కన్నే ఇరవై చెట్లు నరికిన, పంతానికి. చెమట కారుతుంటె గవే చేతులతోని మొఖం తుడుసుకున్న. వాళ్లు తొక్కు నంజుకుంట నన్నే సూసుడు, సినిమా సూసినట్టు.

నల్లజీడిరా! జీడి చెట్టు! చాకలోళ్లు బట్టలకు గుర్తు వెట్టే జీడిగింజల చెట్టు. దాని సోన తోలు మీద వడితె మంట, ఉబ్బు, బొబ్బలు. పొద్దుగాల లేచేటాలకు నా మొఖం పూరి లెక్క పొంగింది. ఒక కన్ను మూసుకుంది. మా అమ్మ నువ్వులు నూరి, పెరుగుల గలిపి మొఖమంత పూసింది. ఇగ పోవాల్నా, వద్దా? పోకుంటె తాడ్వాయి నుంచి ఇంకో సంబంధం కాసుకొని ఉన్నది, గా పిలగాడు అడవిల పుట్టినోడట. పోయిన. మొఖం మీద పెరుగుతోని, పక్కకు మేనమామతోని, బస్సు దిగి పోయిన. తొవ్వల కుక్కలు గూడ మొరగలే, ఇదేందో అర్థంగాక.

మామ సూసిండు. "ఏమైంది బిడ్డా?"

"తేనెటీగలు" అన్న.

"కూసో" అన్నడు, మంచం జూపెట్టి.

"పెద్దోళ్ల ముందర నేను కూసోను మామా" అన్న.

ఆయన మళ్ల కూసోమన్నడు. నేను మళ్ల కూసోనన్న. చాయ వచ్చింది, నిలవడి తాగిన. అటుకులు వచ్చినయ్, నిలవడి తిన్న. రెండు గంటలురా! తలుపు ఎనక లచ్చవ్వ నవ్వుడు ఇనవడ్తుంది. మామకేమో కండ్లల్ల నీళ్లు. "కూలోళ్లు అన్ని చెప్పిన్రు. చెట్లు ఎప్పుడన్న నేర్సుకోవచ్చు, గిసొంటి మర్యాద నేర్పుతె రాదు" అని మా మేనమామ చెయ్యి పట్టుకున్నడు. అప్పుడే ఖాయం జేసిండు.

చెట్లు లగ్గమైనంక మీ అవ్వనే నేర్పింది. "తునికి బెరడు మాడిన జొన్నరొట్టె లెక్క ముక్కలు ముక్కలు పగిలి ఉంటది, చేతితోని తడుము" అని నా చెయ్యి పట్టి తడిమిపిచ్చింది. జీడి కాడికి మాత్రం పోనియ్యలే.

ఇగ మన ఇంట్ల గదే రివాజైపాయె. మీ పెద్దత్త మొగడు, చిన్నత్త మొగడు, పిల్లను సూడ వచ్చిన దినం మీ అవ్వ వాళ్లకు నా ముచ్చట చెప్పె. పాపం గంట గంట నిలవడ్డరు. మీ చిన్నమామకైతె కాళ్లు తిమ్మిరెక్కి తలుపుకు ఒరిగిండు. మీ నాయినను గూడ "మీ బాపు లెక్క నిలవడు" అని చెప్పే తోలింది. వాళ్లత్తగారింటోళ్లు పిలగానికి నడుమేమన్న ఖరాబున్నదా అని అడిగిన్రు.

ఏందీ? వచ్చే ఆదివారం నిన్ను గూడ నిలవడుమన్నదా? తాడ్వాయి సంబంధానికా?

ఆగు. మీ అవ్వ ఉన్నదా ఇంట్ల? బీడీలు ఇయ్యవోయిందా? గా సెల్లు బంద్ జెయ్యి ముందు. జేసినవా? ఇట్ల దగ్గరికి రా.

నువ్వు పోయి మంచిగ కూసో బిడ్డా. దిండుకు ఒరిగి కూసో, రెండు సార్లు చాయ తాగు, పిల్లతోని నాలుగు మాటలు మాట్లాడు. నీ ఇల్లు సల్లగుండ. మర్యాద గిర్యాద ఏం లేదురా గా దినం. జీడి నరుకుతుంటె మధ్యల ఒంటికి వచ్చింది, చెట్టు చాటుకు వోయిన.

చేతులు కడుక్కోలే.