తాళం బొమ్మ

హాకీ క్లబ్బు ప్రహరీ గోడ. దాని మీద, ఊరంతా 'తాళం' అని పిలిచే ఒకప్పటి గోల్‌కీపర్ బొమ్మ, ఇంకా పూర్తి కాలేదు. నిచ్చెన మీద బోర్డులు రాసే పెయింటరు. కింద నిలబడి అతని బావమరిది.

"ముక్కు అలా కాదు బావా. తాళానిది వంకర ముక్కు."

"తెలుసురా. బంతి తగిలి వంకరపోయింది. మనం చూస్తుండగానే కదా. రక్తం కారుతున్నా గోలు వదిలి కదల్లేదు. నువ్వు ఏడ్చావు."

"నువ్వు ఏడ్చావు."

"సరే, ఇద్దరం ఏడ్చాం. కమిటీ వాళ్లు మాత్రం ముక్కు తిన్నగా వెయ్యమన్నారు. ఆదివారం ప్రారంభం కదా, చూసేవాళ్లకి బాగుండాలట."

"ఎవరు ప్రారంభిస్తున్నారు?"

"ఆయనే."

"తన బొమ్మని తనే ప్రారంభించుకుంటాడా?"

"అయితే ఏం? అంతటివాడు ఇంకెవడున్నాడు ఇక్కడ? హాకీ అంటే ఏంటో తెలియని ముసలమ్మలు కూడా అరిచేవాళ్లు, తాళం పడిందీ, తాళం పడిందీ అని. ఎదుటి జట్టు వాడు కొట్టకముందే సగం చచ్చేవాడు."

"హాఫ్ టైములో గుర్తుందా? నారింజ తొనలు నమిలి ఉమ్మేసేవాడు."

"ఎందుకు గుర్తులేదు. గోలు వెనకాల వల పట్టుకుని కాచుక్కూర్చునేవాళ్లం. నువ్వా పిప్పి తీసుకెళ్లి జామెట్రీ బాక్సులో దాచావు. చీమలు పట్టి, మీ అక్క నీ వీపు విమానం మోత మోగించింది."

"దాచినవాణ్ణి నేను. నోట్లో వేసుకున్నవాడివి నువ్వు."

"బలం వస్తుందనుకున్నాన్రా."

"ఛీ. తల్చుకుంటేనే అసహ్యం వేస్తోంది."

"చిన్నప్పటి సంగతికి ఇప్పుడు అసహ్యం ఏంట్రా?"

"పిప్పిని తల్చుకుని కాదు. ఆయన్ని తల్చుకుని."

"ఏమైంది నీకివాళ? వచ్చిన దగ్గర్నుంచీ చేదు మాత్ర చప్పరిస్తున్నట్టు పెట్టావు మొహం."

"మీ అమ్మాయి ప్రాక్టీసుకి వెళ్తోందా?"

"వెళ్తుంది. ఈ వారం ఒంట్లో బాగోలేదంది."

"ఏం బాగోలేదు?"

"ఓ రోజు కడుపునొప్పి, ఓ రోజు తలనొప్పి. డిగ్రీలో చేరిన దగ్గర్నుంచీ బద్ధకం ఎక్కువైంది. ఎదురుగా జట్టు ఎంపిక ఉంది. మనింట్లోంచి ఓ గోలీ రా, అదీ తాళం చేతికింద తయారైన గోలీ. దానికేమో చీమ కుట్టినట్టయినా లేదు."

"తాళం తన ప్యాడ్లు ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అదైనా గుర్తుందా?"

"బాగా అడిగావు. కెప్టెన్ వంగి బకిల్ పెట్టబోతే కాలితో తోసేశాడు. 'గోలీ కాళ్లు గోలీయే కట్టుకోవాలి.' మనం ఇంట్లో కాళ్లకి దిండ్లు కట్టుకుని అదే డైలాగు కొట్టేవాళ్లం."

"ఇప్పుడు ఆడపిల్లలకి తనే కడుతున్నాడట."

"ఏంటి?"

"ప్యాడ్లు. ఆడపిల్లల్లో ఎవరు గోలీ అయితే వాళ్లని ఒక్కొక్కళ్లనే సామాన్ల గదిలోకి పిలుస్తాడట. కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చుని కడతాడట. కట్టి, విప్పి, మళ్లీ కట్టి."

"బిగువు చూడాలి కదరా. వదులుగా ఉంటే పరిగెత్తేటప్పుడు జారిపోతాయి."

"తొడ దగ్గర ఏం బిగువు చూస్తాడు బావా? అక్కడ బకిల్ లేదు."

"నిచ్చెన కదపకు."

"తలుపు కూడా వేస్తాడట."

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పారులే."

"ఎవర్రా?"

"చెప్పారన్నాను కదా."

"పనీపాటా లేనివాళ్లు. ఎవడికో కోచ్ పని దక్కలేదు, ఆ కడుపుమంట. ఆయన వయసేంటి? మనవరాళ్లలాంటి పిల్లలు."

"నేనూ అదే అంటున్నాను. మనవరాళ్లలాంటి పిల్లలు."

"మగపిల్లలకీ కడతాడేమో."

"కట్టడు. కనుక్కున్నాను. వాళ్లకి మాత్రం ఆ డైలాగు చెప్తాడట. మనం దిండ్లు కట్టుకుని చెప్పిన డైలాగు."

"ఆ నల్లరంగు డబ్బా ఇటివ్వు."

"ఇవ్వను."

"ఇవ్వరా, కనుబొమలు ఆరిపోతున్నాయి."

"ఆరనీ. అమ్మాయి నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్తుంది?"

"ఏమీ చెప్పలేదా?"

"చెప్పడానికేముంది. ప్యాడ్లు నేనే కట్టుకుంటానంటే సార్ ఒప్పుకోవట్లేదు నాన్నా, అంది. అంతే. ఎప్పుడో."

"ఎప్పుడు?"

"మొన్నో ఎప్పుడో. భోజనాల దగ్గర."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఏదో అన్నాను."

"ఏమన్నావు బావా?"

"రాసిపెట్టి ఉండాలన్నాను. తాళం తన చేత్తో ప్యాడ్లు కట్టాడంటే అది నీ అదృష్టమే అన్నాను. పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. మీ అక్క వెనకాలే వెళ్లబోతే నేనే కూర్చోబెట్టాను. పొగరు, ఆకలేస్తే అదే వస్తుందన్నాను."

"ఛీ."

"నన్నా?"

"నన్ను కూడా. ఆ క్లబ్బులో చేర్చమని నీ ప్రాణం తీసింది నేనే కదా. తాళం దగ్గర నేర్చుకుంటోంది మా మేనకోడలు అని కనపడ్డవాడికల్లా చెప్పుకు తిరిగాను. ఈ నోటితోనే."

"ఆగు. నన్ను కాస్త ఆలోచించుకోనీ."

"ఏం ఆలోచిస్తావు?"

"నిచ్చెన పట్టుకో ముందు. ఒరేయ్, ఈ బొమ్మ చేతుల్ని నేను పొద్దున్నే వేశాన్రా. గ్లవ్స్ లేకుండా వెయ్యమన్నారు, వేళ్లు కనపడాలన్నారు. ఒక్కో వేలూ ఎంత శ్రద్ధగా వేశానో. చూడు, గోళ్లతో సహా వేశాను. థూ."

"చూశాను. వచ్చీరాగానే అదే చూశాను."

"సున్నం బక్కెట్టు ఎక్కడుంది?"

"ఎందుకు?"

"కొట్టేస్తాను. మొహం, చేతులు, అన్నీ. ఈ బొమ్మ వేసిన కుంచెతో మళ్లీ ఇంకో బొమ్మ వెయ్యబుద్ధి కావట్లేదు నాకు."

"కమిటీ వాళ్లు వస్తే ఏం చెప్తావు?"

"చెప్తాను, బకిల్ లేని చోట వాడి చెయ్యేంటని అడుగుతాను. ఆదివారం నలుగుర్లోనే అడుగుతాను."

"అడుగుతావా?"

"అడగనా మరి? కాకపోతే..."

"కాకపోతే?"

"నలుగుర్లో అంటే మన పిల్ల పేరే బయటికొస్తుంది. జట్టులోంచి తీసేస్తారు. అది సరే, పోతే పోయింది. కానీ జనం ఆయన్నంటారా, దాన్నంటారా? నీకు తెలీదా? తాళం రా. అతన్ని ఎవడూ ఒక్క మాట అనడు."

"మనమే అనకపోతే ఇంకెవడంటాడు? మనకన్నా ఎక్కువ పూజించినవాడెవడు?"

"అది కాదురా. సాయంత్రం ఇంటికెళ్లి దాన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగుతాను. నిజంగా అలాగే జరిగిందా, లేకపోతే ఏదో చెయ్యి తగిలితే నువ్వే తప్పుగా అనుకున్నావా అని. ఒక్కసారి అడిగి, అప్పుడు చూద్దాం. బొమ్మ ఎక్కడికి పోతుంది? అంతవరకూ ఈ కనుబొమలు..."

"సాయంత్రం అది మీ ఇంట్లో ఉండదు బావా. బట్టల సంచీతో మలుపులో నా వ్యానులో కూర్చుంది. మా నాన్న నమ్మితే నిచ్చెన దిగొస్తాడు, దిగకపోతే ఇంకేం చెప్పొద్దు, మీ ఇంటికి పోనీ మామయ్యా అంది. ఇందాకట్నుంచీ నిన్నే చూస్తోంది."