గోడ మీంచి పారిన నది

ఆఖరి బెల్లు కొట్టి పిల్లలంతా వెళ్ళిపోయారు. స్కూలు గేటు ఎదుట టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు కంప్యూటర్ బాబాయ్. స్కూల్లో గోడలకు బిగించిన డిజిటల్ బోర్డులు, టీచర్ల ల్యాప్‌టాప్‌లు, వాటితో వాళ్ళు పడే తిప్పలు, అన్నీ చూసుకునేది ఆయనే. ఎదురుగా వ్యాను డ్రైవరు, లైబ్రరీ మేడమ్. పొయ్యి దగ్గర టీ కొట్టు అక్క.

"మన సోషల్ టీచరమ్మ ఉందే, సుద్దముక్క పట్టుకుంటే పులి. అలాంటి మనిషికి ఆ డిజిటల్ బోర్డు చూసేసరికి చేతులు చల్లబడిపోయాయి. 'బాబాయ్ గారూ, పిల్లల ముందు నవ్వులపాలయ్యే కన్నా ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటా' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేమన్నానో తెలుసా? 'అమ్మా, నేనుండగా మీకేంటి భయం?' అన్నా. ఒక్క పూట కూర్చోబెట్టి నేర్పా. సాయంత్రానికి ఆవిడ వేలు తెర మీద ఎలా తిరిగిందంటే, అడ్డమొస్తానేమోనని నేనే పక్కకు తప్పుకున్నా."

"ఒక్క పూటలోనా?" అంది లైబ్రరీ మేడమ్.

"మధ్యలో టీకి లేచాం మేడమ్, లేకపోతే అంతసేపు కూడా పట్టేది కాదు. సరే, మర్నాడు నదుల పాఠం. నేను ముందే వెళ్ళి బోర్డుని నా పద్ధతిలో కాస్త సవరించి పెట్టా. ఆవిడ కొండ బొమ్మ మీంచి వేలితో అలా ఓ గీత గీసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గలగలమని నీళ్ళ చప్పుడు!"

"స్పీకర్లోంచి," అన్నాడు డ్రైవరు.

"స్పీకరు నా జేబులో ఉందయ్యా! బొమ్మ అంత స్పష్టంగా వచ్చిందన్నమాట. ముందు బెంచీ పిల్లల మొహాల మీద తుంపర్లు. కాస్త బ్రైట్‌నెస్ పెంచానో లేదో, నేలంతా తడి. పిల్లలు ప్యాంట్లు మడుచుకుని సంచులు బెంచీల మీదికెక్కించారు. టీచరమ్మ ఆగితేనా! ఉత్సాహం పట్టలేక ఉపనదులు కూడా కలిపేసింది. మోకాళ్ళ లోతు! పక్క క్లాసు లెక్కల మాస్టారు ఏంటీ గోల అని తలుపు తీశాడు చూడు, ఆ ప్రవాహం ఆయన్ని కుర్చీతో సహా ఎత్తుకుపోయి..."

"కుర్చీ ఎక్కడిది? తలుపు తీసింది నిలబడేగా," అంది అక్క.

"వరదలో కొట్టుకొచ్చిందక్కా. పెద్దమనిషి, ఎంతసేపని నిలబడతాడు? దాంట్లో కూర్చుని హెడ్‌మాస్టరు గది దాకా పోయి, ఎలాగూ వచ్చాను కదా అని సెలవడిగి మరీ వచ్చాడు! ఇంక స్కూలు మునిగిపోయేలా ఉందని నేను రిమోట్ పళ్ళతో పట్టుకుని ఈదుకుంటూ బోర్డు దగ్గరికెళ్ళి ఎడారుల పాఠం నొక్కా. అంతే! నేల బీటలిచ్చింది. పిల్లల యూనిఫాంలు ఇస్త్రీతో సహా ఆరిపోయాయి!"

"నేల తడిసిన మాట నిజమే," అంది వెనక నుంచి ఓ గొంతు.

సోషల్ టీచరమ్మ. ఎప్పుడొచ్చిందో, చేతిలో టీ గ్లాసుంది.

"కేబుల్ కోసం బల్ల కింద దూరి నా నీళ్ళ సీసా తన్నేశారు బాబాయ్ గారూ."

డ్రైవరు పొలమారి దగ్గాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాబాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఒక్క పూటలో నేర్చుకున్నదీ లేదు," అంటూ టీచరమ్మ లైబ్రరీ మేడమ్ పక్కన కూర్చుంది. "ఆ టర్మ్ అంతా పట్టింది. ఈయన రోజూ వచ్చి నా క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ఏది నొక్కాలో తోచక నేను తడబడ్డానా, వెంటనే చెయ్యెత్తి 'టీచర్ గారూ, నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్తారా' అనేవారు. పిల్లలు ఈయన్ని చూసి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ సందులో నేను బటన్ వెతుక్కునేదాన్ని. నన్ను చూసి మాత్రం ఒక్కరూ నవ్వలేదు."

అక్క బాబాయ్ గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

"మరి ఇది చెప్పవేం బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అందులో చెప్పడానికేముందిరా? బెంచీ మీద కూర్చోవడమేగా." బాబాయ్ మెడ నిమురుకున్నాడు. ఉండబట్టలేకపోయాడు. "కాకపోతే, ఆ బెంచీ ఉంది చూశావూ..."

"బాబాయ్ గారూ," అంది టీచరమ్మ.

"మామూలు బెంచీయేనమ్మా," అన్నాడు.