నిమ్మళంగా పోండి

(పుంగనూరు బజారులో మునిశేఖర్ బట్టల అంగడి. పొద్దు వాలే వేళ. చీరలు మడతపెడుతున్న యమున ఎదుట, రామకుప్పం కాడి పల్లె నుంచి బస్సులు మారుకుంటూ వచ్చిన బయ్యమ్మ నిలబడి ఉంది.)

“నువ్వు కాదులేమ్మా. నేను ఎతుకుతాండే యమునమ్మ గొంతు ఇది కాదు.”

“నేనే పెద్దమ్మా. కుప్పంలో కొండగాలి రేడియోలో మాట్లాడిన యమునను నేనే.”

“ఆయమ్మ గొంతు నాకు తెల్దా? పొద్దున లేస్తే మా ఇంట్లో అదే గదా. గుడిగంట మాదిరుంటాది. నీదేమో, ఏమనుకోవద్దు తల్లీ, బండమింద ఇనప సట్టి ఈడ్సినట్టుండాది.”

“గొంతుకు ఆపరేషనైంది. అప్పట్నించి ఇంతే. మొదట్లో మా అమ్మే ఫోనెత్తి ఎవరు కావల్ల అనింది.”

“మరి ఈ పొద్దు తెల్లార్తో మాట్లాడింది ఎవురు?”

“యాడ?”

“రేడియోలో. ఈ పొద్దు బేస్తవారం, అందురూ బాగుండారా అని. నేను బస్సెక్కే ముందు నా సెవులారా విని వస్తి.”

“కూచో పెద్దమ్మా. ముందు నీళ్ళు తాగు.”

“నీళ్ళు తర్వాత. ఎవురమ్మా మాట్లాడింది?”

“నేను కాదు. నన్ను మాన్పించి చాన్నాళ్ళాయె.”

“ఆ ప్రదీపు గూడా ఇట్లే సెప్పె. నేను నమ్మలే.”

“ఏ ప్రదీపు? మా స్టేషన్లో మిషన్లు చూసుకుంటాండిన ప్రదీపా?”

“ఆయప్పే. ఇప్పుడు మదనపల్లెలో సెల్లులు బాగుసేసే అంగడి పెట్టుకోనుండాడు. ముందు నేను కుప్పంలో మీ రేడియో ఆపీసుకు పోతి. తలుపుకు బీగం. లోపల ఏసీ మాత్రం గుయ్యిమంటాండాది, మనిషి లేడు. మదనపల్లెలో పెద్దాపీసు ఉండాది పో అనిరి. ఈ పుంగనూరు దాటుకోనే పోతి. ఆడ సూస్తే ఒక బోర్డు, ఒక పాప. ఏనుగుల సంగతి మాట్లాడాల తల్లీ అంటే, అడ్వటైజుమెంటా అవ్వా, ఎన్ని సెకండ్లు అనింది.”

“ఏనుగుల సంగతా?”

“అదే గదా నేను వచ్చింది. ప్రదీపు నీ ఫోను నంబరు ఇస్తాననె. వద్దప్పా, ఇంగ గొంతుల్ని నేను నమ్మను, మనిషిని సూడాల అంటి. అంగడి గుర్తులు సెప్పె.”

“యమునా, మాటలు చాలించి ఆ చీరలు లోపల పెట్టు.”

“పెడతానన్నా. మునిశేఖరన్నా, ఒక్క నిమిషం, మా ఊరి పక్క మనిషి.” 

“నువ్వు సెప్పమ్మా. నువ్వు ఈడుంటే, ఆడ మాట్లాడేది ఎవురు? దెయ్యమా?”

“మిషను పెద్దమ్మా. రేడియో పెట్టిన కొండప్ప గారు పోయినాక, ఆయన కొడుకులు దాన్ని ఒక కంపెనీకి అమ్మేసినారు. ఆ కంపెనీ వాళ్ళు నన్ను బెంగళూరు పిలిపించి, అద్దాల రూములో కూచోబెట్టి చదివించినారు. వారాలు, నెలలు, ఊర్ల పేర్లు, అంకెలు. ఒకసారి సంతోషంగా చదువు, ఒకసారి మెల్లగా చదువు. నేనేమో ఇంక పెద్ద స్టేషన్లో వేస్తారేమో అని ఆశపడి, గొంతు సవరించుకోని మరీ చదివితి. తిరిగొచ్చిన కొన్నాళ్ళకే ఇంక నువ్వు రావద్దులే అనిరి. ఇప్పుడు ఆ ముక్కలన్నీ మిషను అతికించుకోని మాట్లాడతాది.”

“అంటే నీ గొంతు వాళ్ళు కోసుకోని పోయినారా?”

“కోసింది డాక్టరు పెద్దమ్మా. వాళ్ళు ఊరికే తీసుకున్నారు.”

“నువ్వు ఇంటాండావా దాన్ని?”

“లేదు. మా అమ్మ వింటాది. నాతో మాట్లాడేదానికన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడతాది. నేను వంటింట్లో ఉంటే, అది ‘తిన్నారా’ అంటాది, మా అమ్మ ‘తింటిలే బిడ్డా’ అంటాది. బస్సెక్కితే డ్రైవరు పెడతాడు. టీ అంగట్లో పెడతారు. ఎనక తిరిగి చూసుకుంటా నేను. భయమైతాది.”

“నీకు భయమైతే సెవులు మూసుకుంటావు. నా మొగుడు సచ్చిపోతాడు.”

“ఏమంటాండావు పెద్దమ్మా?”

“మా ఇంటాయన. గంగాధరం. గ్యాపకముండాడా?”

“గంగాధరం పెదనాయనా? పొట్టావు దూడ తప్పిపోయిందని ఫోన్ చేసినాయనా?”

“ఆయనే. పుంగనూరు పొట్టావు పేయదూడ. లచ్చిమి. నువ్వు రేడియోలో సెప్పినావు, గుడుపల్లె బస్టాండు కాడ ఎవురో సూసి కట్టేసినారు, పొద్దు మునక్కముందే దూడ ఇంటికొచ్చె. ఆ పొద్దు నుంచి నీ మాటే ఆయనకు వేదం. నేను సంగట్లో ఉప్పు తక్కువైందంటే నమ్మడు, నువ్వు సెప్తే నమ్ముతాడు.”

“అదంతా మంచిదే గదా. సచ్చిపోయేదేంది?”

“ఏనుగుల కబురమ్మా. దినామూ నువ్వు సెప్తాండావు గదా.”

“ఏనుగుల కబురు ఇంకా వస్తాండాదా?”

“రాకేం. ‘రామకుప్పం, గుడుపల్లె వైపు ఏనుగులు రాలేదు, చేన్ల కాపలాకు పోయేవాళ్ళు నిమ్మళంగా పోండి.’ దినామూ అదే మాట. ఏనుగులొచ్చిన నాడూ అదే మాట. మా పక్కింటి అంకయ్య ఆ మాట ఇని పోయి కాలు ఇరగ్గొట్టించుకోని ఆస్పత్రిలో పడుండాడు.”

“లేదు. అది పెట్టకూడదు వాళ్ళు. అది దినామూ నేను కనుక్కోని చెప్పే మాట. ఫారెస్టు వాచరు రంగప్ప నాకు ఫోన్ చేస్తాండె. గుంపు యాడుండాదో చెప్తాండె. ఆయన ఫోన్ వచ్చేదాకా నేను మైకు ముందర కూచోనే దాన్ని కాదు. ఇప్పుడు రంగప్ప ఎవరికి చేస్తాడు?”

“నీకే.”

“నాకు చేయలేదే.”

“రేడియో నంబరుకు సేస్తాండాడంట. నువ్వే ఎత్తుతావంట. ‘మీ కాల్ మాకు ముఖ్యం, తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అంటావంట. ఒకటి నొక్కితే పాట వస్తాదంట. యమునమ్మకు పొగరెక్కింది అనేసి ఆయప్ప ఫోన్ సేసేదే మానుకున్న్యాడు.”

“అయ్యో.”

“ఏందమ్మా?”

“కబురు రాకపోతే ఏనుగులు రానట్టే అని ఆ మిషను లెక్క. కబురు లేనినాడు చదివే మాట ఒకటి కావల్ల అంటే, నేనే ఇచ్చినాను. నిమ్మళంగా పోండి అని. నవ్వుతా చదువు అన్నారు. నవ్వుతా చదివినాను.”

“ఈ నవ్వే ఆయన పానం మిందికి తెచ్చింది.”

“మీరు చెప్పల్ల గదా పెద్దమ్మా. రంగప్ప చెప్పల్ల.”

“అందురూ సెప్తిమి. రంగప్ప కాళ్ళు పట్టుకున్నంత పని సేసె. ఆయప్ప దినామూ బెదిరిస్తాడు, అట్ల సెప్పేదే ఆయప్ప ఉద్దోగం అంటాడు ఈయన. అంకయ్య సంగతి సెప్తే, తాగి పన్న్యాడు అంటాడు. అది మిషను అంట గదా అంటే, మిషనుకు నా దూడ పేరు యాడ తెలుసు అంటాడు. బ్యాటరీలు దాచిపెడితి. ఊరంతా తిరిగి తెచ్చుకున్న్యాడు. ఆ గొంతు ఇనకుండా అన్నం దిగదు ఆయనకు.”

“ఈ పొద్దే ఎందుకొచ్చినావు ఇంత దూరం?”

“గుంపు నిన్నట్నించి మా గుట్ట మిందే ఉండాదంట. పిల్లేనుగు గూడా ఉండాదంట. పిల్లుంటే తల్లి ఊరికే ఉంటాదా? రాగి సేను కోతకొచ్చిండాది. ఆరు గంటల కబురు ఇనేసి, దుప్పటి బుజానేసుకోని మంచె కాడికి పోతాడు. అందుకే వస్తి. నాతో రా తల్లీ. ఆయన ముందర నిలబడి, వద్దు అని ఒక్క మాట సెప్పు.”

“ఇప్పుడు బస్సెక్కినా నడిరాత్రికి పోయి చేరతాం పెద్దమ్మా. ఆరు గంటలకు ఎట్ల పోతాం?”

“అది నాకు తోచనే లేదు. పొద్దున్నించి నిన్ను పట్టుకుంటే సాలు, ఆగిపోతాడు అనే ఉండాను.”

“ఫోన్ చేద్దాం.”

“నా ఫోను ఎత్తడు. నిన్న మాపు కొట్లాడుకుంటిమి.”

“నా దాంట్లోంచి చేస్తా. కానీ పెద్దమ్మా, నువ్వే నమ్మలేదు గదా నన్ను. ఆయన నమ్ముతాడా ఈ గొంతును?”

“నువ్వు సెయ్. నంబరు సెప్తా.”

“నేను రేడియో యమునను అని ఎవరికీ చెప్పుకోకూడదంట. ఆ పేరూ వాళ్ళదేనంట. కేసేస్తామని రాయించుకున్నారు.”

“మొగుడు పోతే నేను ఎవురిమింద కేసేసేది?”

“సరే. చెప్పు నంబరు. స్పీకరు పెడతా, నువ్వు ఊరికే విను.”

“మోగతాండాది.”

“ఊరుకో పెద్దమ్మా.”

“ఎవురు?”

“గంగాధరం పెదనాయనా? నేను యమునను. కొండగాలి రేడియో యమునను.”

“ఎవురు ఎవురు?”

“యమునను పెదనాయనా. యాడుండావు? ఇంట్లోనే గదా?”

“నేను యాడుంటే నీకేంది? ఎవురమ్మా నువ్వు? యమునమ్మ ఈడ నా పక్కనే మాట్లాడతాండాది.”

“‘...ఈ పొద్దు బేస్తవారం. రామకుప్పం, గుడుపల్లె వైపు ఏనుగులు రాలేదు. చేన్ల కాపలాకు పోయేవాళ్ళు నిమ్మళంగా పోండి. నేను మీ యమున, మీ ఇంటాడపిల్ల...’”

“ఇన్న్యావా? ఇది యమునమ్మ. నువ్వు ఎవురో నాకు తెల్దు. పెట్టేయ్.”

“పెట్టొద్దు పెదనాయనా. ఆ మాట పాతది. అది నేను ఎప్పుడో చదివింది. ఏనుగులు మీ గుట్ట మీదే ఉండాయి.”

“ఎవురు నేర్పించినారు ఇట్ల మాట్లాడమని? బయ్యమ్మేనా? పొద్దున్నించి కనపడకుండా పోతే అనుకుంటి, ఏందో సేస్తాందని.”

“మీ దూడ పేరు లచ్చిమి. గుడుపల్లె బస్టాండు కాడ దొరికింది.”

“అది రేడియోలో వస్తే కుప్పం అంతా ఇనె. కొత్తదేముండాది?”

“సరే. రేడియోలో రానిది చెప్తా. దూడ దొరికినాక నువ్వు స్టేషనుకొచ్చినావు. తువ్వాల్లో అనపకాయలు మూటగట్టి తెచ్చినావు. నేను వద్దంటే, పుట్టింటి నుంచి వచ్చింది ఆడబిడ్డ వద్దనకూడదు అన్నావు.”

“అది ప్రదీపు గూడా సూసె. ఆయప్ప సెప్పుంటాడు.”

“ప్రదీపు టీకి పోయినాక నువ్వు లోపలికొచ్చినావు. చెప్పులు బయటే విడిచినావు. నేను కుర్చీ వేస్తే కూచోలేదు. మైకును చూసి, ఇదేనా తల్లీ అన్నావు. ఇదే అన్నా. కండ్లు మూసుకోని దానికి దండం పెట్టుకున్నావు. నేను నవ్వుతానేమో అని నా పక్క చూసినావు. నేను నవ్వలేదు. పెదనాయనా? ఉండావా?”

“ఉండాను.”

“చెప్పు.”

“అది నేను ఎవురికీ సెప్పలే. బయ్యమ్మకు గూడా.”

“చూసింది నేనొక్కదాన్నే.”

“యమునమ్మా?”

“నేనే పెదనాయనా.”

“గొంతుకేమాయె తల్లీ? ఇట్లైపోయింది?”

“జబ్బు చేసి పోయింది. నువ్వు వింటాండేది నేను పోగొట్టుకున్నది. దాన్ని నమ్మొద్దు. ఆ రేడియో ఆపెయ్.”

“ఆపితే ఒంటిగా ఉంటాది తల్లీ. మాపు పూట నాకు అదొక్కటే తోడు.”

“నేనుండాను గదా లైన్లో. ఆపెయ్. నీకు దండం పెడతా.”

“సరే.”

“ఆపినావా?”

“ఆపినా.”

“ఇంక ఆరు గంటలకు ఏం చెప్పినా నువ్వు వినొద్దు. తలుపేసుకోని ఇంట్లోనే ఉండు. పెద్దమ్మ నా పక్కనే ఉండాది, ఆయమ్మతో మాట్లాడు. పెదనాయనా?”

“...”

“ఏమయ్యా, పలుకు. నేను బయ్యమ్మను. కోపమైతే తిట్టు, కానీ పలుకు.”

“గట్టిగా అరసొద్దే. మెల్లగా. యమునమ్మా, ఇప్పుడు ఆ కబురు గంట గంటకూ వస్తాండాది తల్లీ. మూడు గంటలకే ఇనేసి వచ్చి మంచె ఎక్కినా. ఇంతసేపూ నీ గొంతు మోగతాంటే ఏమీ ఇనపడలే. ఇప్పుడు ఇనపడతాండాది. నాలుగు పక్కలా రాగి పెరుకుతాండే సప్పుడు. ఈ పాలి నువ్వే సెప్పు, దిగేదా, ఉండేదా?”