ఆదివారం బండి

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో పాత ట్రాక్టరు, దాని ముందు ఇంజను తిప్పే హ్యాండిలుతో ఆ ఇంటి ఇల్లాలు, పక్కన ఆమె మరిది, మెకానిక్కు. గేటు బయట పాత ఇనుము లారీ నిలబడి ఉంది.

"హ్యాండిలు కింద పెట్టు వదినా. ఇక చాలు."

"చాలో చాలదో నేను చెబుతాను. నువ్వు కాస్త వెలుతురుకు అడ్డం తప్పుకో."

"పొద్దుట్నుంచీ ఇది పద్నాలుగోసారి. లెక్కపెడుతున్నాను."

"లెక్కపెట్టే బదులు ఒక చెయ్యి వెయ్యొచ్చుగా."

"నా చెయ్యి పడితే లేచే ఇనుమా ఇది? మా నాన్నకంటే పెద్దది. అవతల లారీవాడు హారను కొడుతున్నాడు."

"కొట్టనీ. వాడి హారను, వాడి ఇష్టం."

"అది కాదు. మా మేనమామ ముందు మనం ఏమనుకున్నాం? నీ నోటితో నువ్వే అన్నావు."

"అన్నాను. తిరిగితే బండి, తిరక్కపోతే ఇనుము. నాలుగింటిలోపు ఇంజను ఒక్కసారి తనంతట తాను తిరిగితే, దీని జోలికీ ఈ షెడ్డు జోలికీ మళ్ళీ రానని నువ్వూ అన్నావు. ఇప్పుడెంతయింది?"

"మూడున్నర."

"అయితే ఇంకో అరగంట నాది."

"మేస్త్రీ, నువ్వైనా చెప్పవయ్యా. అన్నయ్యతో కలిసి పదకొండేళ్ళు ఇందులో తల దూర్చావు. ఇది లేస్తుందా?"

"నన్నెందుకు బాబూ మధ్యలోకి లాగుతారు."

"లేస్తుందా, లేవదా?"

"పాత ఇంజను కదండీ. పాత ఇంజనంటే, మరి, పాత ఇంజనే."

"విన్నావా వదినా? పదకొండేళ్ళ అనుభవం."

"మేస్త్రీ అన్నయ్యా, మీరలా నీళ్ళు నమలకండి. డీజిలు ట్యాంకులోంచి బాగానే దిగుతోంది. పంపు దాటేసరికి అందులో గాలి చేరుతోంది. నిన్న నేనే విప్పి చూశాను. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"అదే చూడాలి చెల్లెమ్మా."

"ఆయన పోయి ఐదు నెలలు. ఐదు నెలలుగా అదే చూస్తున్నారు. ఫిల్టరు మార్చాం, పైపులు మార్చాం, వాషర్లు మార్చాం. ఇక మార్చనిది మనిద్దర్నే."

"వదినా, మనిషే పోయాక వస్తువును పట్టుకుని వేలాడితే ఏమొస్తుంది? నాకు మాత్రం బాధ లేదా? నా సొంత అన్న. ఈ షెడ్డు ఖాళీ అయితే నా కోతమిషను పెట్టుకుంటాను. పది దూలాలు కోసుకుంటాను."

"నీ కోతమిషనుకు ఊరంతా చోటుంది."

"ఈ ముసలిదానికి లేదా?"

"దీనికి లేదు."

"పోనీ ఆ హ్యాండిలైనా వదులు. వెనక్కి తన్నిందంటే మణికట్టు రెండు ముక్కలవుతుంది."

"బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకున్నవాళ్ళకి అవుతుంది. నాలుగు వేళ్ళతో పాటే దాన్నీ ఒకవైపే పెట్టుకుంటే, తన్నినా చెయ్యి జారి బయటికి వచ్చేస్తుంది. మీ అన్నే నేర్పారు."

"అంత నేర్పినవాడు తను లేపలేకపోయాడేం? తను పనిచేసే మిల్లు మూతపడ్డ దగ్గర్నుంచీ ఇదే లోకం. ఆదివారం వచ్చిందంటే పెళ్ళి లేదు, పేరంటం లేదు. అమ్మ అనేది గుర్తుందా, వాడు రెండో కాపురం పెట్టాడు, అది షెడ్డులో ఉందని?"

"అత్తయ్య అనేవారు. నేనూ అనేదాన్ని. పొద్దువాలే వేళకి నల్లటి చేతులతో వచ్చి, వచ్చే వారానికి అయిపోతుందనేవారు. ఏ వారానికీ అవలేదు. వీధంతా నవ్వింది. నువ్వూ నవ్వావు."

"నవ్వాను. కాదనను."

"నేనూ నవ్వాను. అందుకే ఇది తిరగాలి. చేతకానివాడన్న పేరు మోసుకుని పోయారాయన. ఆ పేరుతో సహా దీన్ని తూకానికి వెయ్యనివ్వను."

"తిరగకపోతే?"

"తిరుగుతుంది."

"తిరగకపోతే అంటున్నాను వదినా."

"నేనూ తిరుగుతుందనే అంటున్నాను. మనిద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి."

"నీతో మాట్లాడేకంటే దీంతో మాట్లాడటం నయం. నేను వెళ్ళి లారీవాణ్ణి కాసేపు ఆగమంటాను. వచ్చేసరికి మనసు గట్టి చేసుకో."

"నా మనసు గట్టిగానే ఉంది. ఇంజను సంగతే చూస్తున్నాను. వెళ్ళు."

"చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళు తాగు."

"అక్కర్లేదు. అన్నయ్యా, ఈ ఐదు నెలల్లో మీరు ఒక్కసారి కూడా నా మొహం చూసి మాట్లాడలేదు."

"చూస్తున్నానుగా."

"చేతిలో పానా చూస్తున్నారు."

"పోనీ చెల్లెమ్మా, ఇచ్చేద్దామా? నీ భుజం చూడు, ఎలా వాచిందో."

"మీరు కూడానా?"

"నాకోసం కాదు. బావ ఉంటే..."

"బావ ఉంటే?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనివాళ్ళకి ఇంత చెమట పట్టదు. సరే, మీరు ఇంటికి వెళ్ళండి. నాలుగయ్యేదాకా నేను ఒక్కదాన్నే తిప్పుతాను. నాలుగు దాటాక ఈ చక్రానికి అడ్డం కూర్చుంటాను. లారీ ఎక్కించాలంటే ఇద్దర్నీ కలిపే ఎక్కించుకోవాలి."

"మాట తప్పినట్టవుతుంది."

"అవుతుంది. తప్పుతాను. ఆయన కోసం నేను ఇంతవరకు ఒక్క మాటైనా తప్పలేదు, అదే నా బాధ."

"చెల్లెమ్మా."

"ఊఁ."

"కాస్త అటు తిరుగు."

"ఎందుకు?"

"తిరుగమ్మా, చెబుతాను. ఆఁ, అయింది. ఇంజను తేలిగ్గా తిరిగేలా ఈ లివరు నేను పట్టుకుంటాను, హ్యాండిలు నువ్వే తిప్పు. మూడు చుట్లు బలంగా. నేను లివరు వదిలినా నువ్వు ఆగకు."

"ఏం చేశారు?"

"ముందు తిప్పు."

"ఒకటి. రెండు. మూ..."

"వదిలాను. ఇవతలికి రా. ఇవతలికి రా చెల్లెమ్మా, హ్యాండిలు వదిలెయ్."

"వదినా, ఏమిటా చప్పుడు? ఏమిటీ పొగ?"

"ఏమంటున్నావు?"

"తిరుగుతోందా అంటున్నాను."

"వినపడటం లేదు. గట్టిగా చెప్పు."

"ఒప్పుకున్నానంటున్నాను. తిరిగింది. బండి నీదే."

"పొగలో సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి."

"పొగకీ చెవికీ సంబంధమేమిటి వదినా? బండి నీది, షెడ్డు నీది. నా కోతమిషను ఎండలో పెట్టుకుంటాను, సరేనా? అన్నయ్య ఇది వినాల్సింది."

"వినాల్సింది. వెళ్ళి ఆ లారీని పంపించెయ్. వీధి మలుపు తిరిగేదాకా అక్కడే ఉండి చూడు."

"అలాగే. మేస్త్రీ, ఒక్కసారికి ఇంత పొగా?"

"ముసలి గొంతు కదా బాబూ, సర్దుకోవాలి."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పండి అన్నయ్యా."

"ఏం చెప్పను?"

"ఐదు నెలలు దొరకనిది, నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపు దొరికింది. మీరు వెతకలేదు, లైటు వెయ్యలేదు. చెయ్యి తిన్నగా పంపు కిందికి పోయింది."

"చూశావన్నమాట."

"తిరగమనగానే తిరిగే మనిషినా నేను?"

"అక్కడొక నట్టు ఉంది. అది వదులైతే గాలి పీలుస్తుంది. అంతే."

"అంతేనా? పదకొండేళ్ళు మీ ఇద్దరికీ అది తెలియలేదా?"

"బావకి తెలియకపోవడమేమిటి."

"తెలిస్తే బిగించలేదేం?"

"బిగించాం చెల్లెమ్మా."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది. ఆవేళ నువ్వు మీ అక్కగారింటికి వెళ్ళావు. ఇంజను ఇలాగే తిరిగింది, పావుగంట. బావ చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరిగాడు. కాసేపటికి ఉన్నట్టుండి కూలబడ్డాడు. 'బావా, మరి వచ్చే ఆదివారం?' అన్నాడు. తనే వంగి ఆ నట్టు వదులు చేశాడు."

"వీధంతా నవ్వుతున్నా?"

"నవ్వనీ అన్నాడు. పని తెలియనివాడంటే పడతాను, పని లేనివాడంటే పడలేను అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇవాళ తప్పాను. తిట్టమ్మా, నోరారా తిట్టు."

"ఇంజను ఆపండి."

"ఆపాను. ఇక తిట్టు."

"ఆదివారాలు మీరు ఎన్నింటికి వచ్చేవారు?"

"తొమ్మిదింటికి. ఎందుకు?"

"ఎనిమిదింటికే రండి. ఈ నట్టేనా?"

"అదే. చెల్లెమ్మా, ఏం చేస్తున్నావు?"

"ఎంత వదులు చేసేవారు అన్నయ్యా? అరచుట్టా, ఇంకాస్తా?"