పుల్లీకి బొట్టు

ఆగాగు, మూత ముట్టకు శ్రావణమ్మా! నీ కారు ఇంజన్ సలసల మరుగుతున్నది, ఇప్పుడు తిప్పినవంటె నీళ్లు మొకం మీదికే ఎగుస్తయ్. కూసో గా అరుగు మీద. నీ ఆఫీసు యాడికి పోదు. మూసాపేట మెకానిక్ ఏమన్నడు, బెల్టు మార్చిండా? మార్చినా కీచుమంటనే ఉన్నదా? ఉంటది మరి. కింద చూడు, పచ్చగ చుక్కలు పడ్డయ్, కూలెంటు, ఇంజన్‌ను సల్లార్చే నీళ్లు. పైపులన్నీ పొడిగున్నయ్, తడి ఉన్నది పుల్లీ, గీ బెల్టు తిరిగే చక్రం ఎనుకనే. ఇగ అరుసుడు, కారుడు రెండు రోగాలు కావు బిడ్డా, ఒక్కటే. నీళ్ల పంపు బేరింగ్ పోయింది. నాకెట్ల ఎర్కనా? మా ఈరమ్మ పుణ్యం. నా పెండ్లాం. పోయి శానేండ్లాయె, నువ్వు చూడలే ఆమెను. చూస్తె ముచ్చట పడుతుంటివి. మనిషి పొట్టి, నోరు మాత్రం నాకంటె పొడుగు.

గప్పుడు హైటెక్ సిటీల బిల్డింగులు కొత్తగ లేస్తున్నయ్. గీ పుప్పాలగూడల మనం కూసున్న కాడ జొన్నలు పండేటియి. నేను తెల్ల డీజిల్ కారు నడుపుతుంటి, ఆఫీసోళ్లను తెచ్చుడు, దింపుడు. ఆ బండి నడిస్తెనే మా ఇంట్ల పొయ్యి ఎలుగుతుండె. శుక్రారం వచ్చిందంటె అందరి ఆడోళ్లు గడపకు పసుపు రాస్తరు, మా ఆమె బానెట్ తెరిపిచ్చేది. ఏందే ఇది అంటె, "బయట టైర్లకు పెడ్తరు, దండలేస్తరు. లోపల తిరిగి తిరిగి సచ్చేది ఇది గద, దీనికి ఎవలు పెడ్తరు?" అని పుల్లీ మీద కుంకుమ బొట్టు పెట్టేది. స్టాండుల డ్రైవర్లు ఒకటే నవ్వుడు. "ఎల్లన్నా, వదినె ఇంజన్‌కు పెండ్లి జేస్తున్నదా?" అని. నాకు సిగ్గు. ఆమెకా? "మీ పెండ్లాలు మీకు బువ్వే సక్కగ పెట్టరు, నవ్వొచ్చిన్రు" అనేది. అబ్బ, ఏం నోరమ్మా! ఆమె నూరిన చింత తొక్కు గూడ గట్లనే, నాలిక మీద పెడ్తె నెత్తి దిమ్మ తిరుగుతుండె... ఏం చెప్తున్న? ఆ, బొట్టు.

ఒక శుక్రారం జడ్చర్ల అవుతల ఈరమ్మోళ్ల ఊరి నుంచి కబురొచ్చింది. వాళ్లమ్మకు ఆఖరైంది, బిడ్డ, బిడ్డ అని కలవరిస్తున్నది, జెల్ది రమ్మని. ఉన్నపళంగ బండెక్కినం. షాద్‌నగర్ దాటినంక కీచుమని మొదలైంది, ఎన్కనే వేడి ముల్లు ఎర్ర గీత మీదికెక్కింది. పక్కకు ఆపి బానెట్ లేపిన. ఈరమ్మ వంగి చూసింది. పొద్దుగాల పెట్టిన బొట్టు నీళ్లకు కరిగి కిందికి కారింది. "స్టార్ట్ చెయ్" అన్నది. చేసిన. పుల్లీ తిరుగుతుంటె బొట్టు ఒక్క గీత లెక్క కనవడాలె గద, అటిటు ఊగుతున్నది, పంపు బేరింగ్ పోయినట్టే. నీళ్లు పోస్కుంట పోదమే, చేరుతం అన్న. "చేరినంక?" అన్నది. ఇంజన్ పోతది, పోతె పోనీ అన్న. ఆమె చెయ్యి పెట్టి బండి బంద్ జేసింది. "అమ్మ ఎట్లైన పోతది. బండి పోతె పిల్లలేం తింటరు?" అన్నది. ఆ మాట బిడ్డా, నాకిప్పటికీ ఇనొస్తది.

ఎండల నిలవడంగ నిలవడంగ బస్సు దొరికింది. మేం పోయేసరికి పొద్దు గూకవట్టింది, చీకటి పడకముందే కానిద్దమని లేపిన్రట, పాడె ఊరు దాటింది. పొలాల పొంట ఉరికింది ఈరమ్మ, కాళ్లకు చెప్పులు గూడ లెవ్వు. అప్పటికే నిప్పు పెట్టిన్రు. కడసారి మొకం దక్కలే. తిరిగొచ్చేటప్పుడు బస్సుల నన్నడిగింది, "బండి పోనిస్తె అందుతుంటిమా?" అని. ఏడ అందుతుంటిమే, మనం షాద్‌నగర్ కాడ ఉన్నప్పుడే పానం పోయిందట, అన్న. నా మొకం దిక్కు చూసింది. "నీకు అబద్ధమాడుడు రాదయ్యా" అన్నది. గంతే, నా భుజం మీద తల పెట్టి గోస గోస ఏడ్చింది. మల్ల బతికినన్నొద్దులు ఆ మాట ఎత్తలే...

ఆ? ఏం లేదు బిడ్డా. నువ్వు ఆటో మాట్లాడుకొని పో. బండి ఈడనే ఉండనియ్.