మూడు డబ్ల్యూలు లేని చిరునామా

రెండువేల ఆరులో పలాస నుంచి మందస వెళ్లే బస్సులో నా ముందు సీట్లో తల్లీకూతుళ్లు కూర్చున్నారు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ తల్లి చేతులు నల్లగా కాలి ఉన్నాయి. కూతురిది కంప్యూటరు పనని మాటల్లోనే తెలిసిపోయింది, నేను చెవి అటే పెట్టాను.

“నిన్ను పన్లోంచి తీసీసిన షావుకారు వెబ్‌సైటు నానే గదమ్మా కట్టాను. నన్నూ తీసీసి ఇశాపట్నం ఓడికిచ్చాడు.”

“మరింక నీ సేతిలో ఏటున్నాదే?”

“సగం ఉన్నాది. పేరు ముందర మూడు డబ్ల్యూలు కొడితే ఒక చిరునామా, కొట్టకపోతే ఇంకోటి. రెండూ యేరేయేరేగా రాయాల. కొత్తోడు డబ్ల్యూలదే మార్చాడు. ఉత్త పేరు కొడితే ఇంకా నా జాగాకే వత్తాది.”

“షావుకారు సూడ్డా?”

“ఆడెప్పుడూ డబ్ల్యూలు కొట్టే సూత్తాడు, ఆడి పేజీయే కనపడతాది. జీడిపప్పు డబ్బాల మీద మాత్రం ఉత్త పేరే అచ్చేయించాడు. కొనీవోలంతా అదే కొడతారు.”

“కొడితే ఏటొత్తాది?”

“నీ సేతులు. మొన్న తీసిన ఫొటో పెట్టీసినాను. ‘ఈ పప్పు ఒలిచిన చేతులివి, ఆసుపత్రికి సెలవడిగితే గెంటేశారు’ అని కింద రాసినాను.”

తల్లి కాసేపు తన చేతులకేసి చూసుకుంది.

“నా పేరు రాసినావా?”

“లేదమ్మా, నువ్వు బయపడతావని.”

“ఇంటిపేరుతో సహా రాయి. ఆడు తియ్యమని ఫోన్ సేత్తే నాకియ్యి. సెలవడిగితే అందరి ముందరా సేతులు సూపించమని నవ్వినాడు గదా, ఎంతమందికి సూపించానో నానే సెప్తాను.”